మిర్చి టిక్కీల దిళ్లు

తుఫాను తీరం దాటిన మర్నాడు పొద్దున్నే, జిన్నింగ్ మిల్లు షెడ్డులో నిద్ర లేచిన సిపాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని బెదిరిపోయారు. కళ్ళు పండు మిరపకాయల్లా ఉన్నాయి. రెప్పలు ఉబ్బిపోయాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇక దురద సంగతి చెప్పనే అక్కర్లేదు. మంచు కొండల్లో కాపలా కాసి వచ్చిన మొనగాళ్ళు చిన్నపిల్లల్లా పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటూ గోడవారగా కూర్చున్నారు. ఆ దృశ్యం చూస్తే ఎవరికైనా ముందు నవ్వు వస్తుంది. ఆ దళానికి డాక్టరైన కెప్టెన్ క్రిస్టీనాకు మాత్రం భయం పట్టుకుంది.

క్రిస్టీనా ఆ ప్రాంతపు పిల్లే. పక్క మండలంలో పుట్టింది. తల్లి ప్రేమమ్మ ఇలాంటి పత్తి మిల్లులోనే కూలికి వెళ్ళి కూతుర్ని చదివించింది. సైన్యంలో డాక్టరుగా చేరాక ఒక దళం ఆరోగ్యమంతా ఒంటిగా తన నెత్తిన పడటం క్రిస్టీనాకు ఇదే మొదలు. అదీ సొంత నేల మీద, సొంత మనుషులు వరదలో ఉన్న వేళ. నిన్న సాయంత్రం వానలో లారీలు దిగినప్పుడు ఊరి జనం చప్పట్లు కొడుతుంటే, మన వాళ్ళ దగ్గరికే వచ్చానని ఆమె ఎంత పొంగిపోయిందో!

ఆ పొంగంతా తెల్లారేసరికి చప్పున చల్లారింది.

"కళ్ళకలక సార్," అంది మేజర్ శ్యామ్ సుందర్‌తో. ఆయన దళానికి అధికారి. "ఎర్రబడిన వాళ్ళెవరూ గేటు దాటకూడదు. ఎవరినీ ముట్టుకోకూడదు. హైస్కూల్లో ఊళ్ళకి ఊళ్ళు తలదాచుకుంటున్నాయి. ఒక్కరి నుంచి అక్కడ అంటుకుందా, పసిపిల్లలతో సహా అందరికీ పాకుతుంది."

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఏ డాక్టరైనా ముందు ఆ మాటే అంటుంది. చిక్కల్లా ఏమిటంటే, పడవలు నడిపే వాళ్ళలో ఒక్కడి కళ్ళూ తెల్లగా మిగల్లేదు.

కబురు మిల్లు గోడ దూకి ఊళ్ళో పడింది. కళ్ళకలక వచ్చిన వాడి కళ్ళలోకి చూస్తే చాలు, మనకీ అంటుకుంటుందని ఆ చుట్టుపక్కల గట్టి నమ్మకం. నిన్న సాయంత్రం "మన జవాన్లు, మన బిడ్డలు" అని భుజాల మీద చేతులేసి ఫోటోలు దిగిన జనం పొద్దున్నకల్లా రోడ్డుకు అవతలి అంచున నిలబడ్డారు. కొందరు ఆ ముసురులోనే నల్ల కళ్ళజోళ్ళు తగిలించారు. ఉప్మా గిన్నె తెచ్చిన కుర్రాళ్ళు దాన్ని గేటు దగ్గర దించి, మొహం అటు తిప్పుకుని పరుగో పరుగు. ఊరి భయం అలాగే ఉంటుంది. అది ప్రేమను తీసేయదు, రోడ్డు అవతలికి జరుపుతుంది, అంతే.

అప్పుడే మేజరు చేతిలో ఫోనుతో గబగబా వచ్చాడు.

"వాగు అవతల తోపుపాలెం తెలుసా? రాత్రికి రాత్రి నీళ్ళు చుట్టేశాయి. జనమంతా బడి డాబా మీద ఉన్నారు. వాళ్ళలో ఒక నిండు గర్భిణి. నొప్పులు మొదలయ్యాయట."

"ఇంకో బృందం..."

"బాపట్ల వైపు ఇరుక్కుంది. సాయంత్రానికి గానీ రాలేదు. ఎగువన చెరువు కట్ట జారుతోందంటున్నారు. అది తెగితే ఆ వాగులో ఏ పడవా నిలవదు." ఆయన గొంతు తగ్గించాడు. "చూడు క్రిస్టీనా, ఇది నేను ఆర్డరేసే విషయం కాదు. వైద్యం నీది. పంపొచ్చని నువ్వంటే పడవలు కదులుతాయి. వద్దంటే ఇక్కడే ఉంటాయి."

రోడ్డు అవతల ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. జైతున్‌బీ. నిన్న ఊరి ఆడవాళ్ళందరినీ పోగేసి సిపాయిలకు పడకలు అమర్చింది ఈమే. తోపుపాలెంలో నొప్పులు పడుతున్న నస్రత్ ఆమె తమ్ముడి కోడలు. పడవలు వెళ్ళాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఆ కళ్ళతో వెళ్ళి పసిగుడ్డుకు ఏం తెస్తారోనని అదే ప్రాణం భయపడుతోంది. ఆ రెండూ ఒకేసారి ఆమె మొహంలో కనిపిస్తుంటే క్రిస్టీనా చూడలేక తల తిప్పుకుంది. ఎందుకంటే తనదీ అదే అవస్థ. పంపితే పుట్టబోయే బిడ్డ కళ్ళు. పంపకపోతే తల్లీబిడ్డల ప్రాణాలు. ఏ పుస్తకం చదివితే మాత్రం దీనికి జవాబు దొరుకుతుంది?

ఆమె మళ్ళీ షెడ్డులోకి నడిచింది. పొద్దున భయంతో చూసింది. ఈసారి కుదురుగా కూర్చుని చూడాలనుకుంది. పడవల హవల్దార్ యేసుపాదం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, రెప్ప తిప్పి చూసింది. యేసుపాదానిది జీడిపప్పుకు పేరుపడ్డ వేటపాలెం. సముద్రం పక్కన పుట్టి, నీళ్ళల్లోనే పెరిగినవాడు.

"మంటా, దురదా?"

"దురదేనండి మేడం. కళ్ళు రెండూ పీకి, కడుక్కుని, మళ్ళీ పెట్టుకుందామనిపిస్తంది."

"ముందు ఒక కన్నేనా, రెండూనా?"

"రెండూ ఒక్కసారేనండి. దానికి తోడు ఈ తుమ్ములొకటి." అంటూనే గోడలు అదిరేలా తుమ్మాడు.

కళ్ళకలక వచ్చినవాడు తుమ్మడమేమిటి? క్రిస్టీనా ఇంకా దగ్గరికి వంగింది. రెప్పలకు పుసి అతుక్కుని లేదు. నీరు, సన్నని తీగలాంటి జిగురు, రెప్ప లోపల చిన్న చిన్న పొక్కులు, అంతే. పక్కవాడిని చూసింది. ఆ పక్కవాడిని చూసింది. అందరిదీ అదే వరస. అందరికీ ఒక్క రాత్రిలోనే. అంటుకునే జబ్బయితే ఒకడి నుంచి ఒకడికి పాకడానికి కొంత వ్యవధి పట్టదూ? నిన్న సాయంత్రం ఒక్కడికీ ఏమీ లేదే!

"కళ్ళు బాగున్న వాళ్ళెవరు?"

షెడ్డులో పడుకున్నవాళ్ళలో కొందరు బాగానే ఉన్నారు. గేటు దగ్గర కాపలా కాసినవాళ్ళు, లారీల్లో పడుకున్న డ్రైవర్లు మాత్రం అందరికందరూ నిక్షేపంగా ఉన్నారు. ఒక్కడికీ చిన్న చార కూడా లేదు.

క్రిస్టీనా అక్కడే ఆగిపోయింది. ఎందుకో ఆమెకు ఆదివారాలు గుర్తొచ్చాయి.

చిన్నప్పుడు అమ్మ కళ్ళు వారమంతా ఎర్రగానే ఉండేవి. పత్తి సీజన్లో మిల్లు నుంచి ఇంటికొచ్చిన ప్రేమమ్మ కళ్ళు నులుముకుంటూనే అన్నం వండేది. ఆదివారం పొద్దున తలంటుకుని, తెల్లచీర కట్టుకుని చర్చిలో కూర్చుంటే మాత్రం ఆ కళ్ళు తేటగా మెరిసేవి. ప్రార్థన వల్లే అమ్మ కళ్ళు బాగయ్యాయని చిన్న క్రిస్టీనా గట్టిగా నమ్మేది. సోమవారం సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడితే, వారం మధ్యలో కూడా చర్చి పెడితే బాగుండునని పాస్టరుగారిని అడిగింది కూడా. మెడికల్ కాలేజీలో అలర్జీ పాఠం చదివిన రోజునే ఆమెకు అసలు సంగతి తెలిసింది. ఆదివారం మిల్లుకు సెలవు. దుమ్ముకు దూరంగా ఉన్న రోజే అమ్మ కళ్ళకు పండుగ.

మరి ఈ షెడ్డులో ఏముంది? మిల్లు నడవడం లేదు. నేల కడిగి అద్దంలా ఉంచారు. ఎక్కడా దుమ్ము లేదు. క్రిస్టీనా చూపు వరసగా పరిచిన పడకల మీదుగా వెళ్ళి తలగడ మీద ఆగింది. గోనెపట్టాతో కుట్టిన బొద్దు దిండు. తీసి అరచేత్తో ఒక్కటి చరిచింది.

కిటికీ వెలుగులో ఎర్రటి పొగలాంటి ధూళి లేచింది.

ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత దూది బూజు వాసన, దాని వెనకే చిక్కని మిరప ఘాటు. ఆమె దిండు పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది.

"జైతున్‌బీ గారూ! ఈ దిళ్ళు దేనితో చేశారమ్మా?"

"దేంతోనేంటమ్మా?" అవతలి నుంచి ముసలామె గొంతెత్తింది. "కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన ఖాళీ మిర్చి టిక్కీలు మా ఇళ్ళల్లో బోలెడున్నాయి. మిల్లు మూల నిరుటి దూది చెత్త పడుంటే వాటిల్లో కూరి కుట్టాం. వానలో తడిసొచ్చిన బిడ్డలు కటిక నేల మీద తలెట్టుకుంటారా?"

ఇలాంటి దిండు ఈ నేల మీద తప్ప ఇంకెక్కడ తయారవుతుంది చెప్పండి! మిర్చి బస్తాలో పత్తి కూరి, దాని మీద తల పెట్టి హాయిగా నిద్రపోమనడం ఈ ఊరివాళ్ళకే చెల్లింది. వాళ్ళకది తప్పుగా తోచనే తోచదు. పుట్టినప్పటి నుంచి ఆ ఘాటులోనే ఊపిరి తీసి, ఆ దుమ్ములోనే అన్నం తిన్న జనం. వాళ్ళ ముక్కుకు అది వాసనే కాదు. ఇంతెందుకు, నిన్న సాయంత్రం డాక్టరమ్మగారే ఒక దిండు నొక్కి చూసి "ఎంత మెత్తగా ఉన్నాయో" అని మెచ్చుకుంది. తర్వాత తను పంచాయతీ ఆఫీసు గదిలో తన సొంత సంచీ తల కింద పెట్టుకుని పడుకుంది. అందుకే ఆమె కళ్ళు మిగిలాయి.

"నీకు ఘాటు తెలీలేదా యేసుపాదం?" అంది వెనక్కి తిరిగి.

"తెలిసిందండి. గుంటూరు గాలే ఇంత అనుకున్నా. జీడిపప్పు ఊరోణ్ణి, నాకేం తెలుసండి మేడం?"

మేజరు అంతా విన్నాడు. ఆయన మొహంలో ఆశ కనిపించింది. అయినా బాధ్యత గల మనిషి. "అలర్జీ అంటావు. అంటుకోదంటావు. సరే. నువ్వు పొరబడితే? ఆ డాబా మీద పుట్టబోయే బిడ్డ ఉంది."

"నిరూపిస్తాను సార్. మా అమ్మ నాకు ఆస్తులేవీ ఇవ్వలేదు. ఆవిడ కళ్ళు మాత్రం ఇచ్చింది."

అంటూనే ఆమె దిండు గేటు పక్క అరుగు మీద వేసి, ఊరంతా చూస్తుండగా దాంట్లో మొహం పెట్టి బోర్లా పడుకుంది. రోడ్డు అవతల కలకలం పుట్టింది. "డాక్టరమ్మ పడిపోయిందిరోయ్!" అని ఎవరో అరిచారు. సిపాయిలు కళ్ళు నులుముకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నారు. క్రిస్టీనా తల అటూ ఇటూ దొర్లించింది, రాత్రంతా నిద్రలో మనుషులు దొర్లించినట్టే. మొదట తుమ్ము వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. తర్వాత కంటి మూలల్లో చీమలు పాకినట్టు మొదలై, కాసేపటికి రెండు కళ్ళూ భగ్గుమన్నాయి. ఓర్చుకుంది. ఇంకొంచెం ఓర్చుకుంది. ఇక వల్లకాక లేచి కూర్చునేసరికి ఆమె కళ్ళకూ యేసుపాదం కళ్ళకూ తేడా లేదు.

"చూశారుగా!" అంది, నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా రోడ్డు వైపు తిరిగి. నవ్వుతోంది కూడా. "ఇందాకటి దాకా నా కళ్ళు బాగున్నాయి. ఈ దిండు మీద పడుకుంటేనే ఇలా అయ్యాయి. ఇది కళ్ళకలక కాదు. పడని దుమ్ము తగిలింది, అంతే. ఒకరి నుంచి ఒకరికి రాదు!"

జైతున్‌బీ రోడ్డు దాటేసింది. దాటుతున్నట్టు ఆమెకే తెలియదు. "ఓరి దేవుడా, నా చేతులారా కుట్టానే! బిడ్డల కళ్ళల్లో కారం కొట్టానే!" అని తల బాదుకోబోతే క్రిస్టీనా ఆ చేతులు పట్టుకుంది.

"మీరు ప్రేమతో కుట్టారమ్మా. ఏడవడం తర్వాత. ముందు నీళ్ళు కావాలి, చల్లని మంచినీళ్ళు, ఎన్ని బిందెలైతే అన్ని."

ఊరికి ఆ మాట చాలు. ఇంతసేపూ ఏమీ చేయలేక కుములుతున్న ఆడవాళ్ళు బిందెలు ఎత్తారు. సిపాయిలు మిల్లు ముందు వరసగా కూర్చుంటే తలల మీద నీళ్ళు పోశారు. దిళ్ళన్నీ పోయి లారీ టార్పాలిన్ కింద మూటలయ్యాయి. బట్టలు మార్చుకున్నాక క్రిస్టీనా ఒక్కొక్కరి కళ్ళు మందునీళ్ళతో కడిగి, చుక్కలు వేసి, తడిగుడ్డ పెట్టింది. ఎరుపు పోలేదు గానీ దురద దిగింది, చూపు తేటపడింది. యేసుపాదాన్ని నిలబెట్టి వాగు అవతలి చెట్టు మీద ఏముందో చెప్పమంది.

"కొంగలు మేడం. వాటిల్లో ఒకటి నన్నే చూస్తంది, కళ్ళకలకేమోనని."

"పడవలు తీయించండి సార్," అంది క్రిస్టీనా. మేజరు అప్పటికే ఒడ్డు వైపు నడుస్తున్నాడు.

మొదటి పడవలో తనూ ఎక్కుతానంది జైతున్‌బీ. సైన్యం పడవలో ముసలామె ఏమిటని మేజరు అడ్డు చెప్పబోయాడు.

"నా తమ్ముడు ఇమాం హుస్సేన్ సంగతి మీకు తెలీదు బాబూ. మొండోడు. మీరు తుపాకీ పెట్టినా వినడు. నేను తిడితే వింటాడు."

లైఫ్ జాకెట్టులో ఆమె పత్తి కుక్కిన బోరెం బస్తాలా ఉబ్బి కూర్చుంది. మోటారు గర్జించింది. వాగు వాగులా లేదు. మిరప చేలూ పత్తి చేలూ కలిపి మింగిన ఎర్రమట్టి సముద్రంలా ఉంది. యేసుపాదం దుంగలను తప్పిస్తూ, సుడుల పక్కగా జారుతూ పడవను నడిపాడు. క్రిస్టీనా ఎర్రకళ్ళతో ఎగువకేసి చూస్తూ కూర్చుంది. చెరువు కట్ట ఇంకా నిలిచే ఉంది.

పడవలను చూడగానే బడి డాబా మీది జనం కేకలు పెట్టారు. పడవ దగ్గరపడ్డాక ఆ కేకలు సద్దుమణిగాయి. సెల్‌ఫోన్లు బతికున్నంత కాలం పుకారుకు వరద అడ్డం కాదు. మెట్ల మీద ఒక పెద్దమనిషి చేతులు బారచాపి నిలబడ్డాడు. ఇమాం హుస్సేన్. అతని వెనక నస్రత్ గోడ పట్టుకుని మూలుగుతోంది.

"ఆగండి! మీకందరికీ కళ్ళకలకంట గదా. మీ కళ్ళు చూస్తేనే తెలుస్తంది. దండం పెడతా, నీళ్ళూ మందులూ ఇచ్చి పోండి. పుట్టబోయే బిడ్డకి కళ్ళు పోతే మళ్ళీ ఎవరిస్తారండీ?"

ఆ మనిషి మీద కోపం రాలేదు క్రిస్టీనాకు. పొద్దున తన భయమూ అచ్చంగా ఇదే. ఆమె నోరు తెరిచేలోపే పక్కన జైతున్‌బీ పడవలో లేచి నిలబడింది.

"ఒరేయ్ ఇమామూ! కళ్ళకలకా లేదు, నీ తలకాయా లేదు! మన టిక్కీలేరా! కోల్డ్ స్టోరేజీ నుంచి నువ్వు మోసుకొచ్చి నా వాకిట్లో పడేశావే, అవే! వాటిల్లో దూది కూరి దిళ్ళు కుట్టి వీళ్ళ తలల కింద పెట్టింది నేను. రాత్రంతా బిడ్డలు కారం మీద పడుకున్నారు. పడుకుని, పొద్దున్నే లేచి నీ కోడల్ని తీసుకుపోడానికి వచ్చారు. నువ్వేమో మెట్లకి అడ్డం నిలబడ్డావు. సిగ్గుందంట్రా?"

"అది కాదక్కా..."

"చూడు!" ఆమె యేసుపాదం గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "ఇదిగో, ఈ బిడ్డ కళ్ళల్లోకి చూస్తన్నా. రెప్ప కూడా వెయ్యను. నాకేమన్నా అయితే అప్పుడు చెప్పు."

పడవ తెడ్డు ఒక చేత్తో, మోటారు ఒక చేత్తో పట్టుకుని, ముసలామె చేతిలో గడ్డం ఇరుక్కుపోయి, ఎటూ కదల్లేక, యేసుపాదం ధారగా నీళ్ళు కారుస్తూ ఆమెనే చూశాడు. డాబా మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మెల్లగా డాబా అంతా పాకింది. అంత వరదలో, అంత భయంలో జనం నవ్వారు.

"మావయ్యా," అంది నస్రత్ వెనక నుంచి, పళ్ళు బిగబట్టి. "కళ్ళ సంగతి మీరు తీరిగ్గా తేల్చుకోండి. నన్ను మాత్రం ఎక్కనివ్వండి."

ఇమాం హుస్సేన్ చేతులు దించేశాడు.

ఆ తర్వాత పడవలు ఆగలేదు. వచ్చీ పోయీ, వచ్చీ పోయీ, ముసలివాళ్ళనూ పిల్లలనూ మేకలనూ, తన కుట్టుమిషను లేకుండా రానని భీష్మించిన ఒక దర్జీనీ కూడా మోశాయి. ఎర్రకళ్ళ సిపాయిల మెడలు పట్టుకుని పిల్లలు దిగుతుంటే ఊరు ఒడ్డున చేతులు అందించింది. నల్ల కళ్ళజోళ్ళు ఎప్పుడు జేబుల్లోకి పోయాయో ఎవరికీ తెలియదు. చివరి పడవ ఒడ్డు తగిలిన కాసేపటికే ఎగువ నుంచి పెద్ద హోరు వినిపించింది. కట్ట తెగింది. అందరూ చూస్తుండగానే తోపుపాలెం బడి మెట్లు మునిగాయి, కిటికీలు మునిగాయి. డాబా మీద ఒక్క ప్రాణి లేదు.

ముందు ఎవరు అరిచారో గానీ, ఆ అరుపు అందుకుని ఊరంతా అరిచింది. సిపాయిలు టోపీలు ఎగరేశారు. క్రిస్టీనా ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. ఆ కళ్ళతో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది గనక!

సాయంత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నస్రత్‌కు ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు ఆదివారం. సిపాయిల కళ్ళు చాలావరకు తేటపడ్డాయి. బయల్దేరే ముందు క్రిస్టీనా అమ్మకు వీడియో కాల్ చేసింది. ప్రేమమ్మ తెల్లచీరలో చర్చికి బయల్దేరుతోంది. కూతురి మొహం చూడగానే, "ఏంటే ఆ కళ్ళు? మిల్లుకెళ్ళావా?" అంది. "వెళ్ళానమ్మా. ఇవాళ సెలవేలే," అంది క్రిస్టీనా.

బాలింతను ఒకసారి చూసి వెళ్దామని ఆమె ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. తన కళ్ళలో ఇంకా ఎర్రజీర ఉంది. ఎందుకొచ్చిన గొడవని గుమ్మం దగ్గరే ఆగి, తల వంచుకుని నస్రత్‌ను పలకరించింది.

మంచం పక్కనున్న ఇమాం హుస్సేన్ లేచాడు. గుడ్డలో చుట్టిన పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని గుమ్మం దాకా నడిచి వచ్చాడు. పిల్ల మొహాన్ని క్రిస్టీనా మొహానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా పెట్టాడు.

"ఇటు చూడండి మేడం," అన్నాడు. "మా మనవరాలి కళ్ళల్లోకి బాగా చూడండి."

క్రిస్టీనా తలెత్తింది. పిల్ల అప్పుడే కళ్ళు విప్పి, ఆమెనే చూస్తోంది.